అగ్నిఖడ్గం ఎందుకు చెల్లదు

చి. మానసకు,

కంప్యూటర్ ఆట మీద నువ్వు రాసిన కథ అందింది. అన్నాచెల్లెళ్ల కీచులాట బాగుంది. మూడో పేజీకొచ్చేసరికి ఒళ్లు మండింది. “అగ్నిఖడ్గం చాలా అరుదు, అందుకే ఆ ఆటలో అదే డబ్బయింది” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అరుదైంది ఖరీదవుతుంది తల్లీ, డబ్బవదు. పైగా నీ ఖడ్గాల్లో ఒకదాని దెబ్బ 80, ఇంకోదానిది 112. “నాలుగు ఖడ్గాలిస్తా” అంటే ఏ నాలుగు? బేరం అక్కడే ఆగిపోతుంది.

2000లో వచ్చిన డయాబ్లో 2 అనే ఆట చూడు. అందులో గోల్డ్ అని అసలు డబ్బుంది. రాక్షసుల్ని చంపితే రాలుతూనే ఉంటుంది. కానీ లెవెల్‌కి పదివేల చొప్పునే మొయ్యనిస్తారు, 80వ లెవెల్‌లో 8 లక్షలు. చస్తే కొంత పోతుంది. దాంతో రిపేర్లు, జూదం తప్ప పెద్ద పనేం లేదు. అందుకని జనం స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరాన్ని పట్టుకున్నారు. అడ్డం పది, నిలువు నాలుగు గడుల సంచిలో అది ఒక్క గడే పడుతుంది. ఏ ఉంగరం చూసినా అవే అంకెలు: అన్ని స్కిల్స్‌కీ ఒకటి అదనం, మనా అనే మంత్రశక్తి 20, ఆపైన మరో 25 శాతం. మంత్రాలతో ఆడే ప్రతివాడికీ కావాలి కాబట్టి, బేరం కుదరకపోతే వేలికి పెట్టుకోవచ్చు.

మరి ఎందుకు చెడింది? ప్రోగ్రామ్‌లో లొసుగు పట్టుకుని నకళ్లు తీశారు, డూప్ అంటారు. ఉంగరం అరగదు, విరగదు. వచ్చినవన్నీ పేరుకున్నాయి. 2003లో ఆటకి చేసిన సవరణ 1.10 ప్యాచ్‌తో, ఆ ఉంగరాలు ఆటలోని వ్యాపారికి కొన్ని అమ్ముడుపోతే డయాబ్లో అనే పెద్ద రాక్షసుడు ఇంకా బలంగా ఊడిపడేలా చేశారు. కంపెనీ తెలివి అక్కడుంది: ఉంగరాలు తగలబెట్టడానికో పొయ్యి పెట్టింది. తర్వాత్తర్వాత బేరాలు మంత్రపు రాళ్లయిన రూన్‌ల మీదికి మళ్లాయి. రూన్‌ని ఆయుధంలో పొదిగితే ఖర్చయినట్టే, మళ్లీ తీసి అమ్మడానికుండదు.

నీ కథలో లేనిది ఈ ఖర్చే. నమ్మకపోతే టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే తుపాకుల ఆట చూడు. 2010 జూన్‌లో మ్యాక్‌లో ఆట తెరిచినవాళ్లకి కొంతకాలం, ఆటలో పాత్ర పెట్టుకునే ఇయర్‌బడ్స్ ఊరికే ఇచ్చారు. మళ్లీ ఇవ్వలేదు. నీ సూత్రం ప్రకారం అదే శాశ్వతమైన డబ్బు కావాలి. కొన్నాళ్లు పెద్ద బేరాలకి వాడారు కూడా. చివరికి కుప్పకూలింది, చెవిలో అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదుగా. క్రేట్ అనే తాళమేసిన పెట్టె తెరిచే కీ అలా కాదు. షాపులో 2.49 డాలర్లకి ఎన్నైనా దొరుకుతుంది, అరుదే కాదు. అయినా నిలబడింది. రోజూ ఎవరో ఒకరు క్రేట్ తెరిచి దాన్ని ఖర్చు చేస్తారు. షాపు ధర దాటి ఎవడూ కొనడు.

పత్రికలవాళ్లు ఇలాంటి లెక్కల వాక్యాలే ముందు కొట్టేస్తారు, “పాఠకుడికి లెక్కలెందుకండీ” అంటూ. కంప్యూటర్ ఆట అనగానే “మాయాలోకం” అని శీర్షిక పెట్టకపోతే వాళ్లకి నిద్రపట్టదు. ఆ శీర్షిక నువ్వే పెట్టుకుని పంపావు! తీసెయ్.

ఐదో పేజీలో అన్న పద్దెనిమిది తుపాకులు ఒక్కొక్కటే, సరుకు మార్చుకునే ట్రేడ్ విండోలో పెడతాడు. టీమ్ ఫోర్ట్రెస్ 2లో ఎవరూ అలా చెయ్యరు, ఉచిత ఖాతాకి ఉండేదే 50 గడులు. ఒకే రకం పాత్రకి, అంటే ఒకే క్లాస్‌కి చెందిన రెండు ఆయుధాలు కరిగిస్తే ఒక స్క్రాప్ మెటల్ ముక్క, మూడు స్క్రాప్‌లు ఒక రిక్లెయిమ్డ్, మూడు రిక్లెయిమ్డ్‌లు ఒక రిఫైన్డ్. పద్దెనిమిది ఆయుధాలూ ఒక్క గడిలోకొస్తాయి. అది చిల్లర. ఆయుధాలు ఊరికే రాలుతుంటాయి, ఆటని తెరిచి వదిలేసి పోగుచేసేవాళ్లు కొందరు. మెటల్ ఖర్చయ్యే దారి టోపీలు చేసుకోవడం లాంటి ఒకటి రెండే. అందుకే 2011లో రెండు మూడు రిఫైన్డ్‌లకొచ్చిన కీ తర్వాత యాభై దాటిపోయింది. ఆ అన్న ఏడాదిపాటు మెటల్ దాచుకున్నాడనుకో, చెల్లెలు కీలు దాచింది. వాళ్ల కీచులాటకి ఇంతకంటే మంచి కారణం ఏం కావాలి?

కలంపేరు సంగతీ, పోటీ సంగతీ అడిగావు, అవి తర్వాత. ఖడ్గాన్ని అన్న గోడమీద ట్రోఫీగా ఉండనీ. చెల్లింపులకి ఒక్క గడి పట్టేది, అన్నీ ఒకేలా ఉండేది, వాడితే అయిపోయేది ఇంకోటి చూడు. మూడు, ఐదు పేజీలు తిరగరాసి పంపు. ఈసారి పేజీ నంబర్లు వెయ్యి.