లాయర్ అయ్యి, స్వలింగ జంటల హక్కుల కోసం పాలిటిక్స్‌లోకి వెళ్తానంటోంది మా అమ్మాయి

ఒక అమ్మగారు రాశారు. కూతురు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నాన్నేమో సీఎస్ఈ సీటు తప్ప ఇంకోటి వద్దంటున్నారు, పిల్లేమో "లా చదువుతా, సేమ్ సెక్స్ జంటల కేసులు వాదిస్తా, తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి చట్టమే మార్పిస్తా" అని కూర్చుందట. ఆవిడవి మూడు ప్రశ్నలు. అసలు ఇలాంటి కెరీర్ అంటూ ఒకటి ఉందా, దీంతో తిండి దొరుకుతుందా, నలుగురూ ఏమనుకుంటారు.

అమ్మా, మూడోది ముందు తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో సగం దాని గురించే ఉంది. రైతుల కేసులు వాదించే లాయర్లందరికీ పొలాలున్నాయా చెప్పండి. ఏ కేసు ఎత్తుకుంటే ఆ మనిషే అనుకునేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. ఒకవేళ ఇది మీ అమ్మాయి సొంత సంగతే అయితే అది తను చెప్పాల్సిన మాట, నేను ఊహించి చెప్పేది కాదు, మీరు పుస్తకాల సంచి వెతికి తెలుసుకునేది అంతకన్నా కాదు. చెప్పాలనిపించినప్పుడు భయపడకుండా చెప్పుకునేలా ఇల్లుంటే చాలు. పెళ్లి సంబంధాల సంగతి నేను మాట్లాడను, అది నా సబ్జెక్ట్ కాదు.

ఇక మొదటి ప్రశ్న. ఇంటర్ పిల్ల ఇంత దూరం ఆలోచించిందంటే నాకు కొంచెం ఆశ్చర్యమేసింది, ఎందుకంటే లా ఒక్కటే, పాలిటిక్స్ ఒక్కటే అని కాకుండా రెండూ కలిపి అడుగుతోంది, మన దేశంలో ఈ విషయం ఇప్పుడు ఆగింది సరిగ్గా ఆ రెండింటి మధ్యలోనే. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐపీసీ సెక్షన్ 377లోంచి పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుండటాన్ని నేరం కాకుండా తీసేసింది, సరే, జైలు భయం పోయింది. ఆ తర్వాత పెళ్లి హక్కు కావాలని హైదరాబాద్‌కి చెందిన ఒక జంటే మొదటి పిటిషనర్లుగా కోర్టుకెళ్లారు, సుప్రియో కేసు అంటారు దాన్ని. 2023 ఏప్రిల్, మే నెలల్లో అయిదుగురు జడ్జిల ముందు పది రోజులు వాదనలు నడిచాయి. అక్టోబర్ 17న తీర్పొచ్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదు, మతంతో పనిలేకుండా పెళ్లి రిజిస్టర్ చేసే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌ని మేం తిరగరాయలేం అని అయిదుగురూ ఒప్పుకున్నారు, కనీసం సివిల్ యూనియన్, అంటే పెళ్లి అనకపోయినా చట్టం జంటగా గుర్తించడం, లాంటి గుర్తింపన్నా ఇవ్వాలని ఇద్దరన్నారు, ముగ్గురు కుదరదన్నారు. తీర్పుని మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. తాత్పర్యం ఏంటంటే, చట్టం కావాలా, పార్లమెంటుకి పోండి.

మరి పార్లమెంటుకి పోతే? అక్కడ కథ ఇంకోలా ఉంది. 377 మార్చాలని 2015 డిసెంబర్‌లో కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ ప్రైవేట్ మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు, తెస్తే చర్చ దాకా కూడా రాలేదు, ప్రవేశపెట్టడానికే ఓటింగ్ పెట్టి 71-24తో వద్దన్నారు. 2022లో ఎన్సీపీ ఎంపీ సుప్రియా సూలే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ మార్చాలని బిల్లు పెట్టారు, అదీ ముందుకి కదల్లేదు. ప్రైవేట్ మెంబర్ బిల్లు అనేది మన దగ్గర చట్టమైన ఆఖరిసారి 1970. అంటే ఎంపీ అయిపోతే చాలు అయిపోతుంది అనుకోవద్దని చెప్పండి అమ్మాయికి, అధికార పక్షంలో ఉండి ప్రభుత్వం బిల్లుగా తెప్పించుకోగలిగితే తప్ప అది జరిగే పని కాదు, అందుకు పార్టీ లోపల ఏళ్ల తరబడి కూర్చోవాలి, ఒప్పించాలి, తిట్లు తినాలి.

అలా కూర్చున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. స్పెయిన్‌లో పెద్రో జెరోలో అని ఒక లాయర్, మ్యాడ్రిడ్‌లో స్వలింగ సంపర్కుల సంఘానికి ప్రెసిడెంట్‌గా చేసి, 2003లో మ్యాడ్రిడ్ మున్సిపాలిటీ కౌన్సిలర్ అయ్యాడు, సోషలిస్ట్ పార్టీ లోపల పనిచేసి ఈ విషయాన్ని పార్టీ ఎజెండాలోకి ఎక్కించినవాళ్లలో ముఖ్యుడు. 2005 జూన్ 30న అక్కడి దిగువ సభలో 187-147తో పెళ్లి చట్టం పాసైంది, అక్టోబర్‌లో ఆయన కూడా తన పార్ట్‌నర్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఎగువ సభ ఆ బిల్లుని తిరగ్గొడితే దిగువ సభ దాన్ని కాదని పాస్ చేసిందన్నమాట, అంటే లెక్క అంతా సభలో ఎంతమంది మనవైపున్నారనే. తైవాన్‌లో యూ మెయ్-ను అనే ఆవిడ కూడా ఇలాగే, ఆవిడ లాయర్, 2012 నుంచి 2020 దాకా అక్కడి పార్లమెంటులో మెంబర్, బిల్లు పట్టుకుని వదల్లేదు. 2017 మేలో అక్కడి రాజ్యాంగ కోర్టు స్వలింగ జంటల పెళ్లికి చట్టం చెయ్యమని రెండేళ్లు గడువిచ్చింది, 2019 మేలో చట్టం వచ్చింది. కోర్టు తోస్తే సభ కదిలింది, సభలో ఎవరో ఒకరు ముందే కాగితాలు రెడీ చేసి పెట్టుకున్నారు కాబట్టి టైముకి పని అయింది. మీ అమ్మాయి చెప్తున్న కెరీర్ ఇదే, పేరు లేదు గానీ ఉంది.

ఇంకో సంగతి, మన దగ్గర ఎంపీ, ఎమ్మెల్యే అయినా లాయర్‌గా ప్రాక్టీస్ చేసుకోవచ్చు, 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే చెప్పింది, వాళ్లు ఫుల్ టైమ్ జీతం ఉద్యోగులు కారు అని. కాబట్టి రాజకీయాల్లోకి వెళ్తే నల్లకోటు విప్పేయాలన్న బెంగ అక్కర్లేదు. వార్డు మెంబర్‌కి 21 ఏళ్లు చాలు, ఎమ్మెల్యే, లోక్‌సభకి 25, రాజ్యసభకి 30. ఈలోగా చదువు, అనుభవం ఎలాగూ జరుగుతాయి కదా.

అయితే టీవీలో చూసిన రాజ్యాంగ ధర్మాసనం వాదనలే రోజూ ఉంటాయనుకుంటే మాత్రం మోసపోతుంది. నా దగ్గరికి చాలా ఏళ్ల కింద కౌన్సెలింగ్‌కి వచ్చిన ఓ కుర్రాడు ఇప్పుడు లాయర్. వాడు చెప్పిన సంగతి ఒకటి. తొమ్మిదేళ్లుగా కలిసుంటున్న ఇద్దరు మగాళ్లు, ఒకతను ఐసీయూలో ఉన్నాడు, రెండో ఆయన చేతిలో కన్సెంట్ ఫారం, "పేషెంట్‌కి ఏమవుతారు" అన్న చోట పెన్ను ఆగిపోయింది. ఫ్రెండ్ అని రాశాడు, కొట్టేశాడు, బ్రదర్ అని రాశాడు, కౌంటర్‌లో ఆధార్ అడిగితే ఇంటిపేరు కలవలేదు. చివరికి తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యని సొంత తమ్ముడు ఊర్నించి రాత్రి బస్సెక్కి వచ్చి సంతకం పెట్టాడట. పేషెంట్ బతికాడు, అది వేరే విషయం. ఆ తర్వాత మావాడి దగ్గరికి వాళ్లిద్దరూ వస్తే వాడు చేసిన పనేంటి? పెద్ద పిటిషన్ ఏం కాదు, ఇద్దరికీ విల్లులు రాయించాడు, రిజిస్టర్ చేయించాడు, బ్యాంకుల్లో నామినీ మార్పించాడు. మన జనంలో చాలామందికి తెలీదు, నామినీ అంటే వారసుడు కాదు, డబ్బు చేతికి తీసుకుని వారసులకి అప్పజెప్పాల్సిన మనిషి అంతే, అందుకే విల్లు లేకుండా నామినేషన్ ఒక్కటీ పెట్టుకుంటే రేపు ఆ తమ్ముడే వచ్చి అడుగుతాడు. హిందూ వారసత్వ చట్టంలో ఇలాంటి పార్ట్‌నర్‌కి చోటు లేదు మరి.

రెండో రకం కేసు హెబియస్ కార్పస్, అంటే బలవంతంగా పట్టుంచిన మనిషిని కోర్టు ముందుకి తెప్పించమని వేసే పిటిషన్. ఇద్దరు అమ్మాయిలు కలిసుంటుంటే ఒకమ్మాయిని ఇంట్లోవాళ్లు వచ్చి తీసుకుపోవడం, ఇంకో అమ్మాయి కోర్టుకి పరిగెత్తడం. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఇలాంటిదే వచ్చింది, అమ్మాయిని పిలిపించి అడిగారు, తన ఇష్టప్రకారం ఉండొచ్చన్నారు, తల్లిదండ్రుల్ని అడ్డుపడొద్దన్నారు. ఇలాంటివి ఏ శుక్రవారం సాయంత్రమో ఫోన్‌లో మొదలవుతాయి, రాత్రికి రాత్రి అఫిడవిట్ తయారవ్వాలి. గవర్నమెంట్ సర్క్యులర్లు తెలిసుండటం కూడా పనిలో భాగమే, 2024 ఆగస్టులో ఫైనాన్స్ మినిస్ట్రీ జాయింట్ అకౌంట్‌కి గానీ పార్ట్‌నర్‌ని నామినీ పెట్టుకోవడానికి గానీ అడ్డేం లేదని చెప్పింది, కింద బ్రాంచ్‌లో క్లర్క్‌కి ఆ సంగతి తెలీకపోతే కాగితం తీసి చూపించేది లాయరే. మన రాష్ట్రంలో ఇంకో పెద్ద గెలుపు, నిజాం కాలం నాటి తెలంగాణ యూనక్స్ యాక్ట్‌ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది, అది ట్రాన్స్‌జెండర్ల కేసు, కానీ చదవమనండి.

ఇప్పుడు డబ్బులు. ఇందులో దాచేదేం లేదు, మొదటి నాలుగైదేళ్లు లాగడమే. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరితే కొందరు పెట్రోల్ ఖర్చు కూడా ఇవ్వరు. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, టౌన్లలో జూనియర్లకి నెలకి 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వమని సీనియర్లకి చెప్పింది, కానీ అది సలహా, కట్టుబాటు కాదు. లాయర్‌గా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మాత్రం తగ్గింది, 2024 జులైలో సుప్రీంకోర్టు జనరల్‌వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 దాటి వసూలు చెయ్యొద్దంది. హక్కుల కేసుల్లో ఫీజు ఎలాగూ రాదు, అందుకని ఆ లాయర్లు సివిల్ దావాలో, ఉద్యోగుల సర్వీస్ మ్యాటర్లో, కంపెనీ పనో ఒకటి పెట్టుకుని దాంతో ఇల్లు నడుపుకుంటారు. మీ వారితో అనండి, సీఎస్ఈ చేసినవాడికి మొదటి నెల నుంచి జీతం వస్తుంది, దీనికి రాదు, ఆ తేడా ఇంట్లో ఎవరు భరిస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి, అయిదేళ్ల తర్వాత కాదు. ఇది మాత్రం నేను మీవారి వైపే ఉన్నా.

చదువు సంగతి సింపుల్, ఎంపీసీ అయినా పర్లేదు. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లా. దేశమంతటికీ ఉండే లా ఎంట్రన్స్ క్లాట్ రాస్తే హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లాంటి నేషనల్ యూనివర్సిటీలు, ఈ మధ్య డిసెంబర్ మొదట్లో పెడుతున్నారు, 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకి పావు మార్కు పోతుంది, మొత్తం పేరాలు చదివి ఆన్సర్ చెయ్యడమే కాబట్టి ఇంగ్లీష్ స్పీడు లేకపోతే కష్టం. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. రాష్ట్రం పెట్టే లా ఎంట్రన్స్ లాసెట్ అయితే మన యూనివర్సిటీల కింద కాలేజీలు, నెగెటివ్ లేదు, ఖర్చు బాగా తక్కువ. మీ అమ్మాయి అనుకుంటున్న పనికి లాసెట్ కాలేజీ అడ్డేం కాదు, పైగా తెలుగులో క్లయింట్‌తో మాట్లాడి తెలుగులోనే అఫిడవిట్ సారాంశం చదివి వినిపించగలిగే లాయర్లు ఈ కేసుల్లో బాగా కావాలి, ఢిల్లీ ఇంగ్లీష్ ఆ ఇద్దరమ్మాయిలకి ఏం పనికొస్తుంది. డిగ్రీ అయ్యాక ఎన్‌రోల్ అవ్వాలి, ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. కాలేజీలో ఉన్నప్పుడే సెలవుల్లో ట్రయల్ కోర్టు లాయర్ దగ్గర ఒకసారి, ఎమ్మెల్యే ఆఫీసులోనో కార్పొరేటర్ ఆఫీసులోనో ఒకసారి పనిచెయ్యమనండి. రెండోది ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా. జనం రేషన్ కార్డు కోసం, పింఛను కోసం ఎలా వస్తారో, నాయకుడు ఏ మాటకి కదులుతాడో అక్కడ తప్ప ఎక్కడా తెలీదు.

ప్రస్తుతానికి చేయాల్సింది ఒకటే. సుప్రియో కేసు వాదనలు సుప్రీంకోర్టు లైవ్ ఇచ్చింది, వీడియోలు ఉన్నాయి. ఏదైనా ఒక రోజువి, ఉదయం నుంచి సాయంత్రం దాకా, స్కిప్ చెయ్యకుండా చూడమనండి. అందులో మంచి ముక్కలు పది నిమిషాలే ఉంటాయి, మిగతాదంతా ఏ సెక్షన్‌లో ఏ పదం అని గీకడమే. తర్వాత ప్రభుత్వం తరఫున ఏం వాదించారో ఒక పేజీ, తనే ప్రభుత్వం లాయర్ అన్నట్టు, రాయమనండి. రాసింది నాకు పంపండి. రోజంతా చూసి బోర్ కొట్టిందంటే కూడా నిజం చెప్పమనండి, ఈఏపీసెట్‌కి, అదే మన పాత ఎంసెట్‌కి, ఇంకా టైముంది.