నకిలీ చిత్రాలను పట్టే చదువు: ఆ ఆరు నెలల డిప్లొమా వద్దు

ప్రశ్న: మాది బరంపురం. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడు. వేలంపాటల్లో నకిలీ చిత్రాలను పట్టే పని చేస్తానంటూ, ఆన్‌లైన్‌లో ఆరు నెలల 'ఆర్ట్ అథెంటికేషన్' డిప్లొమాకు 90 వేలు కట్టమంటోంది. ఇదా, కళాఖండాల పరిరక్షణలో ఎంఏనా, బీఈడీనా? ఇందులో కోర్టు గొడవలు ఉండవా? (ఒక తండ్రి)

జవాబు: ఇలాంటి ఉత్తరాలన్నింటిలోనూ దిగులు ఒకటే. నలుగురికీ పేరు తెలియని ఉద్యోగంలో పిల్ల నిలదొక్కుకుంటుందా అని. చేతిలో కెమిస్ట్రీ ఉంది, ధైర్యంగా ఉండండి.

డిప్లొమాకు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి. ఎందుకో ఒక పోలికతో చెబుతాను. చిత్రంతో వచ్చే సర్టిఫికెట్‌లో ఫొటో, కొలతలు, ఏ రంగులతో దేనిమీద వేశారు, చేతులు మారిన వరస ఉండాలి. సంతకం పెట్టినవారికి ఆ చిత్రకారుడి మీద ఏం పట్టుందో తెలియాలి. 'పాత జమీందారు ఇంట్లోది' అని రాసి పేరూ రసీదూ లేకపోతే నమ్మకూడదు. ఫొటో లేకపోతే ఇంకా ప్రమాదం: అసలు చిత్రం సర్టిఫికెట్‌ను నకిలీకి తగిలించి రెండూ అమ్ముకోవచ్చు. మీ డిప్లొమానూ ఇలాగే నిలదీయండి. సంతకం ఎవరిది? వాళ్లు ఏ ల్యాబ్‌లో, ఏ మ్యూజియంలో పనిచేశారు?

జర్మనీలో బెల్‌ట్రాకీ అనే ఆయన తాను వేసిన నకిలీల వెనక పాతవిలా కనిపించే దొంగ లేబుళ్లు అంటించాడు, చిత్రాలు ఆ ఇంటివేనని నమ్మించడానికి భార్యను ఆమె అమ్మమ్మలా కూర్చోబెట్టి పాతకాలపు ఫొటో తీశాడు. 1914 నాటిదంటూ అమ్మిన చిత్రంలో టైటానియం తెలుపు అనే రంగు దొరికింది. అది బజారులోకి వచ్చింది 1920 ప్రాంతంలో. ఆయన వాడిన రంగు ట్యూబు మీద జింకు తెలుపనే ఉంది, లోపల టైటానియం కలిసింది. 2011లో శిక్ష పడింది. పట్టించింది కెమిస్ట్రీయే.

మన దగ్గర రవివర్మ పేరుతో మోసాలు ఎక్కువ. 1894లో ఆయన పెట్టిన ప్రెస్సులో అచ్చయిన ఓలియోగ్రాఫ్‌ల (తైలచిత్రాల్లా కనిపించే అచ్చుబొమ్మల) మీద వార్నిష్ పూసి తైలచిత్రాలుగా అమ్ముతారు. పదింతలు చూపే భూతద్దం పెడితే ముఖంలో రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, కుంచె గీత ఉండదు. అల్ట్రావయొలెట్ దీపం కింద పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, తర్వాత వేసిన సంతకం నల్లగా తేలుతుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే ఎక్స్‌రే యంత్రం రంగులోని మూలకాలను చూపిస్తుంది. కానీ టైటానియం కనబడగానే నకిలీ అనేయకూడదు, మరమ్మతు చేసినచోట పెట్టి ఉండొచ్చు. అందుకే ఒక్కచోట కాదు, పదిచోట్ల కొలవాలి. ఈ ఓపిక వీడియో పాఠాలతో రాదు.

కోర్టుల మాట: 'ఇది ఫలానావారిదే' అని తీర్పు రాసేవారికే చిక్కులు. పరీక్షలో కనిపించినంత వరకే రాసి, అమ్మకంలో వాటా తీసుకోకుండా, ముందే చెప్పిన ఫీజుకు పనిచేస్తే చాలావరకు భద్రమే.

నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో పరిరక్షణలో ఎంఏ ఉంది, సైన్స్ డిగ్రీవాళ్లకూ దారి ఉంటుంది. వేలం సంస్థల్లో ఉద్యోగాలు కొన్నే, అవీ ముంబై, ఢిల్లీలలో. మ్యూజియం పని ఎక్కువ, జీతం మొదట్లో తక్కువ. బీఈడీ ఎక్కడికీ పోదు, రెండేళ్ల తర్వాతైనా చేయొచ్చు. బడి ఉద్యోగం భద్రమని మీ భయాన్ని అమ్మాయి నెత్తిన రుద్దకండి. 90 వేల సంగతి సరే, తనకు ఆసక్తి ఎందుకు కలిగిందో ఒక్కసారైనా అడిగారా?

భువనేశ్వర్‌కు పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. అక్కడ ఒడిశా స్టేట్ మ్యూజియంలో తాళపత్రాలున్నాయి, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ పరిరక్షణ కేంద్రం ఉంది. సెలవుల్లో పని నేర్పుతారా అని అమ్మాయిచేతే ఉత్తరం రాయించండి. మీరు రాయకండి.