డేటాబేస్ ల్యాబ్ పెట్టబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

వచ్చే సెమిస్టర్ డీబీఎంఎస్ ల్యాబ్ నీకిచ్చారని తెలిసి చాలా సంతోషించాను. చాలామంది పిల్లలకు ల్యాప్‌టాప్ లేదని, ఉన్నవాళ్లకు ఇన్‌స్టలేషన్ దగ్గరే తలనొప్పి మొదలవుతోందని రాశావు. ఆ జోలికే పోకు. కోడ్ రాసి నడిపే మెషీన్‌ను ఇంటర్నెట్‌లోనే ఇచ్చే, బ్రౌజర్‌లో తెరుచుకునే గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్‌తో మొదలుపెట్టు. ల్యాబ్‌లోని పాత సిస్టమ్ అయినా చాలు, బరువంతా అవతలి మెషీనే మోస్తుంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. ఏ పిల్లాడి కోడ్‌స్పేస్ పాడైనా దాన్ని బాగుచేస్తూ కూర్చోకు. డిలీట్ చేసి కొత్తది తెరిస్తే అంతా మొదటిలాగే లేచి రావాలి. అందుకు సెటప్ మొత్తం రిపాజిటరీలోనే (గిట్‌హబ్‌లో ఫైళ్లు దాచే చోటు) ఉండాలి: కోడ్‌స్పేస్ ఎలా తయారవ్వాలో చెప్పే డెవ్‌కంటైనర్ ఫైలు, పైథాన్‌కీ, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కీ చెరో సర్వీసు (విడిగా నడిచే కంటైనర్) రాసిన డాకర్ కంపోజ్ ఫైలు, టేబుళ్లు కట్టే ఎస్‌క్యూఎల్ ఫైలు. దాన్ని టెంప్లేట్‌గా పెడితే ఎవరి కాపీ వాళ్లు తీసుకుంటారు.

చిక్కంతా ఆ ఎస్‌క్యూఎల్ ఫైలు దగ్గరే. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో (కంటైనర్‌ను తయారుచేసే అచ్చు) మొదటిసారి నడవాల్సిన ఫైళ్ల కోసం ఇనిట్ డీబీ ఫోల్డర్ ఒకటుంది, అందులో పడేస్తే చాలని అందరూ చెబుతారు. కానీ డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే ఆ ఫైలు నడుస్తుంది. నువ్వు రెండో వారం ఒక కాలమ్ చేర్చి కంటైనర్ రీబిల్డ్ చేయమంటే, వాల్యూమ్‌లో (కంటైనర్ మారినా డేటా నిలిచే చోటు) పాత డేటా ఉండటంతో ఆ కాలమ్ ఎవరికీ కనపడదు. ఎర్రర్ కూడా రాదు, క్లాసు మొత్తం తికమకపడుతుంది. అందుకని డేటాబేస్‌ను డ్రాప్ చేసి, మళ్లీ క్రియేట్ చేసి, ఫైలు ఎక్కించే చిన్న రీసెట్ స్క్రిప్ట్ నువ్వే రాసిపెట్టు. స్క్రిప్ట్ మొదట్లో పీజీ ఈజ్ రెడీ అనే కమాండ్‌తో డేటాబేస్ లేచిందో లేదో చూడాలి. లేకపోతే అది లేవకముందే స్క్రిప్ట్ నడిచి, కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని పిల్లలు కంగారుపడతారు. హోస్ట్ పేరు లోకల్‌హోస్టా, కంపోజ్‌లో రాసిన సర్వీసు పేరా అన్నది కూడా రీడ్‌మీలో స్పష్టంగా రాయి.

ఉదాహరణకు ఉద్యోగులూ జీతాలూ వద్దమ్మా. ఆర్టీసీ డిపోలు, రూట్లు, బస్సులు పెట్టు. డిపోల టేబుల్‌లో ఏలూరు లేకుండా ఏలూరు బస్సు చేర్చబోతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఆ ఎర్రర్ చూసిన పిల్లాడికి ఫారిన్ కీ (ఒక టేబుల్‌ను మరోదానితో ముడివేసే నియమం) ఎందుకో మళ్లీ చెప్పక్కర్లేదు.

గంటల సంగతి. మామూలు గిట్‌హబ్ ఖాతాకు నెలకు 120 కోర్ గంటలు (ఒక్కో ప్రాసెసర్ కోర్ నడిచిన గంటల లెక్క) ఉచితం. చిన్న మెషీన్‌లో రెండు కోర్లుంటాయి కాబట్టి చేతికొచ్చేది 60 గంటలే. ట్యాబ్ మూసినంత మాత్రాన మెషీన్ ఆగదు. 30 నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే అప్పుడు ఆగుతుంది. సెట్టింగ్స్‌లో ఆ గడువును 10 నిమిషాలకు తగ్గించమను. ఆపేసిన కోడ్‌స్పేస్‌ను 30 రోజులు తెరవకపోతే అదే డిలీట్ అయిపోతుంది. సెలవులకు ఊళ్లకు వెళ్లేముందు అందరిచేతా కమిట్, పుష్ చేయించు, అంటే మార్పులను రిపాజిటరీకి ఎక్కించమను. కమిట్‌లో కోడ్ వెళ్తుంది గానీ టేబుళ్లలో వాళ్లు ఎక్కించిన రికార్డులు వెళ్లవు. వాటిని పీజీ డంప్ అనే కమాండ్‌తో ఫైలుగా తీయడం మొదటి నెలలోనే నేర్పు.

డేటాబేస్ పోర్టు (దానికి కనెక్ట్ అయ్యే దారి) ప్రైవేట్‌గానే ఉంటుంది, అలాగే ఉండనీ.

మొదటి క్లాసుకు ముందురోజు కొత్త ఖాతా ఒకటి తెరిచి, ల్యాబ్ సిస్టమ్ మీద, కాలేజీ నెట్‌లోనే అంతా ఒకసారి నడిపి చూడు. కొన్నిచోట్ల ఫైర్‌వాల్ వెబ్‌సాకెట్లను (బ్రౌజర్‌కూ అవతలి మెషీన్‌కూ మధ్య తెగకుండా ఉండే కనెక్షన్లు) ఆపేస్తుంది. అప్పుడు పేజీ వస్తుంది గానీ టెర్మినల్ రాదు. అలా జరిగితే నెట్‌వర్క్ చూసేవాళ్లతో ఆ రోజే మాట్లాడు, పిల్లలొచ్చాక టెన్షన్ పడకుండా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు