కొత్తవాళ్ళకి హెడ్‌సెట్ పెట్టే ముందు

చి.ల.సౌ. బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

మీ రొయ్యల ప్లాంటులో కొత్తగా చేరేవాళ్ళకి వీఆర్ హెడ్‌సెట్లతో, అదే, కళ్ళకి కట్టుకుంటే లేని చోటుని చుట్టూ ఉన్నట్టే చూపించే డబ్బాలతో, ట్రైనింగ్ పెట్టాలన్నారని, ఆ పని నీ నెత్తినే పడిందని మొన్న ఫోన్‌లో టెన్షన్ పడ్డావు. రిటైరయ్యే ముందు రెండేళ్ళు నేనూ ఆ డబ్బాలతో కుస్తీ పట్టినవాణ్ణే. తెలిసింది రాస్తున్నాను.

అమ్మేవాడు నీకు చాంతాడంత లిస్టు ఇస్తాడు. చేతులు కడగడం, రొయ్య తల తీయడం, గ్రేడింగు, అన్నీ అందులోనే నేర్పొచ్చంటాడు. తల తీయడానికి హెడ్‌సెట్ ఎందుకమ్మా? ఒక ట్రే రొయ్యలు పోసి, పక్కన చెయ్యి తిరిగిన మనిషిని నిలబెట్టు. ఐసు నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోవడం, ముల్లు గుచ్చుకోవడం, రొయ్య చేతిలోంచి జారిపోవడం ఆ అద్దాల్లో తెలియవు. నిజంగా జరిపి చూపించలేనిదానికే ఆ డబ్బా వాడు. విమానం నడిపేవాళ్ళ కోసం 1929లోనే లింక్ ట్రైనర్ అనే ఉత్తుత్తి విమానం తయారు చేసింది అందుకే. నేల మీద తప్పు చేస్తే ప్రాణం పోదు కదా. అమెరికా దుకాణాల కంపెనీ వాల్‌మార్ట్ కూడా పండగ సేల్ రోజు జనం తోసుకొచ్చే గోలను హెడ్‌సెట్‌లోనే చూపించింది. 2018లో దుకాణాలకి 17,000 హెడ్‌సెట్లు పంపుతున్నట్టు చెప్పింది.

మనకి అలాంటిది అమ్మోనియా, రొయ్యల్ని గడ్డకట్టించే మెషిన్లలో తిరిగే విషపు గ్యాసు. 1995లో కోనసీమలో పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే గ్యాస్ బావి అదుపు తప్పి ఎగదన్నడం, రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట చూసినవాళ్ళకి గ్యాస్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు నీ దగ్గర చేరే పిల్లలు చాలామంది అప్పటికి పుట్టనేలేదు.

ఇక నా తప్పు చెబుతాను, విను. నేను పనిచేసిన చోట అమ్మోనియా లీకు సీను ఒకటి తయారు చేయించాం. కంప్రెసర్ రూములో వాల్వు పోతుంది, తెల్లటి పొగ లేస్తుంది, సైరను మోగుతుంది. సీనులో గాలి పడమర నుంచి వీస్తుంది, పొగ తూర్పుకి పోతుంది, మనం గాలికి ఎదురుగా ఉన్న పడమటి గేటుకి చేరాలి. అందరూ బ్రహ్మాండంగా పాసయ్యారు. తర్వాత మే నెలలో ఓ రోజు మూడు గంటలకి మాక్ డ్రిల్ పెట్టాం. పడమటి గేటు దగ్గర వాచీ పట్టుకుని నిలబడ్డాను. రెండు నిమిషాల్లో హాలంతా ఖాళీ అయ్యి నా దగ్గరికి వచ్చేసింది. మురిసిపోయాను. గేటు దగ్గరి వాచ్‌మన్ మాత్రం మేడ మీద గాలి దిక్కు చూపించే గుడ్డ గొట్టం వైపు చూసి, "గాలి ఇటే వస్తోంది కదండీ" అన్నాడు. ఎండాకాలం పొద్దున్న పడమటి గాలి, మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి. మన డెల్టాలో పిల్లాడికి కూడా తెలిసిన సంగతి నా బుర్రకి తట్టలేదు. నిజంగానే లీకైతే వాళ్ళందరినీ నేనే పొగలోకి పరిగెత్తించేవాణ్ణి. వాళ్ళు నేర్చుకున్నది గేటుని, గాలిని కాదు.

కాబట్టి సీను మొదలైన ప్రతిసారీ గాలి దిక్కు మారాలని అగ్రిమెంటులోనే రాయించు. నేల మీద బాణం గుర్తులు పెట్టనివ్వకు. తలెత్తి గాలి గొట్టం చూస్తేనే దారి తెలిసేలా ఉండాలి. ఎక్కువ డబ్బులడుగుతాడు, ఇచ్చెయ్యి. హెడ్‌సెట్ తీసిన వెంటనే వాళ్ళని నిజం గొట్టం కిందకి నడిపించి, "ఇప్పుడు లీకైతే ఎటు?" అని అడుగు. తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోవడం కూడా అక్కడే చేయించు. అమ్మోనియా నీళ్ళలో ఇట్టే కరుగుతుందని ఆపరేటరు చేత చెప్పించు. అన్నిటికంటే ముందు పసిగట్టేది ముక్కు. ఆ వాసన డబ్బాలో రాదు.

ఇంకో సంగతి. మా పీలింగ్ హాల్లో ఓ పెద్దావిడ పది నిమిషాల సీను పూర్తి చేసింది. ఎలా ఉందమ్మా అంటే "ఆయ్, బాగుందండి" అంది. ట్యాబ్‌లో కూడా పూర్తయినట్టే వచ్చింది. తీరా చూస్తే లోపల మొదటి నుంచి చివరిదాకా కళ్ళు మూసుకునే ఉందట, తల తిరుగుతోందని! కన్నేమో నడుస్తున్నానంటుంది, చెవి లోపలి భాగమేమో కదల్లేదంటుంది. ఆ తగాదాకే వికారం. బటన్ నొక్కి నడిచే సీన్లు వద్దు, నిలబడ్డ చోటే చుట్టూ చూసేవి చాలు. పది నిమిషాలు దాటనివ్వకు. గర్భిణులకి, మూర్ఛ ఉన్నవాళ్ళకి పెట్టకు, బయట బొమ్మలతో చెప్పు. వాళ్ళు లోపల ఏం చూస్తున్నారో నీకు టీవీలో కనబడాలి. డబ్బా అర కిలో బరువుంటుంది, కొప్పు మీద బెల్టు నిలవదు, ముందే సరిచూసుకో. సీనులో వినిపించే గొంతు మీ సూపర్‌వైజరమ్మది పెట్టించు. ఒడిశా పిల్లలుంటే ఒడియాలో ఇంకోటి.

ఖర్చు గురించి మీ వాళ్ళు అడుగుతారు. పీడబ్ల్యూసీ అనే సలహాల కంపెనీ 2020 లెక్కలో 375 మంది నేర్చుకుంటేగానీ వీఆర్ ఖర్చు తరగతి గది ఖర్చుతో సమానం కాలేదు. మీ ప్లాంటులో ఏడాదికి ఎంతమంది కొత్తగా చేరుతున్నారో రిజిస్టరు తీసి లెక్కపెట్టు. నాట్లప్పుడు మానేసి మళ్ళీ వచ్చేవాళ్ళనీ కలుపు, మధ్యలో వాళ్ళూ మర్చిపోతారు.

స్వాగతానికి మాత్రం ఆ డబ్బా వద్దు. 2021లో యాక్సెంచర్ అనే ఐటీ కంపెనీ 60,000 హెడ్‌సెట్లు కొన్నదంటే, కొత్తవాళ్ళు ఎవరిళ్ళలో వాళ్ళున్న రోజులవి. నీ వాళ్ళు ఉండి నుంచి, పాలకోడేరు నుంచి బస్సు దిగి నీ ఎదురుగానే నిలబడతారు. మొదటి రోజు కొత్తమ్మాయి మొహమాటంతో అడగలేనివి కొన్నుంటాయి. బాత్రూం ఎటు, క్యారేజీ ఎక్కడ తినాలి, బస్సు తప్పితే ఎలా. అవి చెప్పడానికి ఒక్కొక్కరికీ ఒక పాత మనిషిని తోడివ్వు, మధ్యాహ్నం ఇద్దరూ కలిసి అన్నం తినేలా చూడు.

వచ్చే నెల భీమవరం వస్తాను. ముందు నాకే పెట్టు హెడ్‌సెట్. ఈలోపు మీ మేడ మీది గాలి గొట్టం చిరిగిందేమో చూసి, చిరిగితే కొత్తది కట్టించు.

మావయ్య