రసాయన పాఠం రాస్తున్న అమ్మాయికి

మైలాపూరు, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

ఏడో తరగతి పిల్లల కోసం నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష తేటగా ఉంది. ఒక్క వాక్యం మాత్రం తప్పకుండా తీసెయ్. "భౌతిక మార్పును వెనక్కి తిప్పగలం, రసాయన మార్పును తిప్పలేం" అన్నావు. చాలా గైడ్లలో అలాగే ఉంటుంది, పిల్లలూ అదే బట్టీ పడతారు. కానీ అది నిజం కాదమ్మా. ఇన్వర్టర్‌కు పెట్టే సీసం బ్యాటరీనే తీసుకో. కరెంటు పోయి ఫ్యాను దానిమీద తిరుగుతున్నంతసేపూ లోపలి సీసం, సీసం డయాక్సైడ్ రెండూ ఆమ్లంతో చర్య జరిపి సీసం సల్ఫేటుగా మారుతుంటాయి. కరెంటొచ్చి ఛార్జింగ్ మొదలైతే ఆ సల్ఫేటు మళ్లీ పాత పదార్థాలవుతుంది. అటూ ఇటూ జరిగింది రసాయన మార్పే. చించిన కాగితం మళ్లీ మునుపటిలా కాదు, అయినా అది భౌతిక మార్పే. అందుకని పిల్లలకు ఒకే ప్రశ్న నేర్పు: కొత్త పదార్థం పుట్టిందా, లేదా?

ఆ ప్రశ్నతో వాళ్లను తుప్పు దగ్గరికి తీసుకెళ్లు. మన ఊళ్లో దానికి కొదవ లేదు. బీసెంట్ నగర్‌లో సముద్రం పక్క ఇళ్ల గేట్లు చూడు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ ఉండాలి. నీటిలో ఉప్పు కూడా కరిగితే అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, పెరిగి ఆ పని ఇంకా త్వరగా సాగుతుంది. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే పిల్లర్ లోపలి కమ్మీ తుప్పు పడితే కాంక్రీటు బీటలు వారి పెచ్చులూడుతుంది. ఇప్పుడు లోహ ధర్మాలను ఇక్కడే కలుపు. ఇనుప తీగ వంగుతుంది, గీకితే మెరుస్తుంది, బల్బు సర్క్యూట్‌లో పెడితే బల్బు వెలుగుతుంది. తుప్పు పెచ్చు వేళ్ల మధ్య పొడైపోతుంది, మెరవదు, బల్బునూ వెలిగించదు. ధర్మాలన్నీ పోయాయంటే పదార్థమే మారిందని పిల్లలే చెబుతారు. నీ వ్యాసంలో ఈ రెండు పాఠాలూ వేరువేరు పేజీల్లో ఉన్నాయి. నాకు నచ్చనిది అదే.

"లోహాలన్నీ గట్టివి" అని కూడా రాయకు. సోడియాన్ని చాకుతో కోయొచ్చు. గాలియం 30 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త ముందే కరుగుతుంది, అంటే మే నెలలో మనింట్లో బల్లమీదే ద్రవంగా ఉంటుంది. కరెంటు లోహాల్లోంచే పోతుందనీ రాయకు. పెన్సిల్‌లోని గ్రాఫైట్ అలోహమైనా కరెంటును పోనిస్తుంది.

వీలైతే ఎగ్మోర్ మ్యూజియంలో చోళుల కంచు విగ్రహాల ముందు కాసేపు నిలబడు. రాగి, తగరం కరిగించి అచ్చులో పోయడం, అది గట్టిపడడం భౌతిక మార్పు. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న కంచుకు పట్టే పచ్చటి పొర రసాయన మార్పు. రెండు మార్పులకూ ఒకే విగ్రహం ఉదాహరణగా దొరకడం నాకెంతో ఇష్టం.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, ప్రయోగం చేసి చూశాకే రాయి. ఆ నీలి ద్రావణంలో ఇనుప మేకు వేస్తే, మేకుమీద రాగి పూత పడుతుంది, నీలం క్రమంగా లేతాకుపచ్చ అవుతుంది. ఇనుము రాగికన్నా చురుకైనది కాబట్టి దాన్ని ద్రావణంలోంచి బయటికి నెడుతుంది. ఫెర్రస్ సల్ఫేటు, అంటే ఇనుము సల్ఫేటు, ద్రావణంలో రాగి తీగ వేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగకపోవడాన్నీ రాయి. మైలుతుత్తం విషం కాబట్టి వంటగిన్నెలు వాడొద్దనీ, పెద్దవాళ్లు పక్కనుండాలనీ, తర్వాత చేతులు కడగాలనీ ప్రయోగానికి ముందే పెద్ద అక్షరాల్లో వెయ్యి.

రంగు మారడానికి ఎంతసేపు పట్టిందో రాసుకుని, సవరించిన ప్రతితో పాటు నాకు పంపు.