మినిమమ్ డ్యూ జోలికి పోకు తల్లీ

చిన్నీ,

నీకు క్రెడిట్ కార్డు వచ్చిందని నిన్న రాత్రి అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. "వద్దని చెప్పరా" అని కూడా అన్నాడు. నేను వద్దనను. రేపు ఉద్యోగంలో చేరి లోన్‌కి వెళ్తే బ్యాంకు ముందుగా చూసేది నువ్వు అప్పులు ఎలా కడుతున్నావో చెప్పే సిబిల్ స్కోరునే. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకె ఇప్పటి నుంచే పెరిగితే నీకే మంచిది. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి.

నెల తిరగ్గానే వచ్చే స్టేట్‌మెంట్‌లో టోటల్ డ్యూ (కట్టాల్సిన మొత్తం), మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సింది) అని రెండు అంకెలుంటాయి. 20,000 బిల్లుకు మినిమమ్ వెయ్యి రూపాయలే అనుకో. అది చూడగానే ప్రాణం తేలికపడుతుంది. కొంప ముంచేది అదే. మిగిలిన 19,000 మీద నెలకు మూడున్నర శాతం చొప్పున 665 రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 120. వచ్చే నెల నువ్వు కట్టే వెయ్యిలో అసలుకు చేరేది రెండొందల చిల్లర. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే భయపడతాం, ఇది మూడున్నర! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువుండదు, ఆ రోజు నుంచే వడ్డీ.

నేను బ్యాంకు కౌంటర్‌లో ఉన్న రోజుల్లో ఒక పత్తి రైతు వచ్చాడు. కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్. తువాలు ముడి విప్పి పత్తి డబ్బు నా ముందు పెట్టాడు. "మావోడు ఒక్క నెల ఎగ్గొట్టలే సార్, మరి బాకీ ఎట్ల తగ్గలే?" అన్నాడు. స్టేట్‌మెంట్లన్నీ తిరగేశాను. ఏడాది పాటు మినిమమే కట్టుకుంటూ వచ్చాడా అబ్బాయి. ఆయనకేం చెప్పాలో తోచలేదు. ఆ నోట్లు నా చేత్తోనే లెక్కపెట్టాను.

నీది ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) మీద ఇచ్చిన కార్డు. బాకీ పడితే ఆ ఎఫ్‌డీ లోంచే లాగేసుకుంటారు. అది అన్నయ్య నీ కోసం కూడబెట్టిన సొమ్ము.

బిల్లు దానంతటదే ఖాతాలోంచి కట్టేసేలా ఆటో పే పెట్టుకో. అందులో టోటల్ డ్యూ ఎంచుకున్నావో లేదో రెండుసార్లు చూసుకో. లిమిట్ 20,000 అయితే వాడకం ఆరు వేలు దాటనివ్వకు. ఆ కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం తీయకు, తీసిన రోజు నుంచే వడ్డీ, ఫీజు వేరే. ఫ్రెండ్స్ బిల్లు నీ కార్డు మీద కట్టాల్సి వస్తే ముందు వాళ్ల డబ్బు నీ ఖాతాలో పడాలి. మొహమాటపడకు. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. డబ్బు పోయిందని తెలిస్తే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చెయ్యి.

మొదటి స్టేట్‌మెంట్ రాగానే కార్డు నంబరు కనపడకుండా మూసి నాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టు. ఇద్దరం ఫోన్‌లో ఒక్కో లైనూ చదువుదాం. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగానే ఉంటాను.

మీ బాబాయ్