‘ఆమె పాడింది’ అంటే తక్కువ చేసినట్టేనా?

సందేహం: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, ఫోన్లో అన్నీ కలిపి. మేం కొందరం అమ్మాయిలం సొంతంగా పాటలు రాసుకుని పాడుతుంటాం, ర్యాప్ కూడా చేస్తాం, బరంపురం పట్టు పావడా మీద డెనిమ్ జాకెట్ వేసుకుని స్టేజీ ఎక్కుతాం. మా ప్రోగ్రాం కోసం తెలుగులో ఒక ప్రకటన రాసుకున్నాం. అందులో ‘ఆమె పాడింది, ఆయన గిటార్ వాయించారు’ అని ఉంటే మా మాస్టారు ‘పాడారు’ అని దిద్దారు. మా ఫ్రెండేమో ‘పిట్ట కూసింది, బండి ఆగింది, ఆమె పాడింది, అన్నీ ఒకటేనా? మగాళ్లకి మాత్రం పాడాడు అని వేరే ఉంది. ఒడియాలో ఈ గోల లేదు కదా’ అంటోంది. ‘గాయిక’ తప్పన్నారు, ‘మహిళా సశక్తీకరణ’ తప్పన్నారు. ర్యాపర్‌కి స్త్రీలింగం ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, మాలో మేం ‘ఏంట్రా’ అనుకుంటే మా మేనత్త కోప్పడుతుంది. వీటిలో ఏది ఒప్పు?

సమాధానం: మీ ఫ్రెండ్ ప్రశ్నతో మొదలుపెడతాను, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగులో ఎదుట లేని ఒక్కరి గురించి చెప్పేటప్పుడు క్రియకి రెండే రూపాలు. మగవాడైతే ‘పాడాడు’. ఆడమనిషైనా పిట్టైనా రేడియో అయినా ‘పాడింది’. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మగవాళ్లను చెప్పే మాటలు మహత్తులు, ఆడవాళ్లను చెప్పేవి మహతులు, తక్కినవన్నీ అమహత్తులు. ఆడవాళ్ల మాటలు ఏకవచనంలో అమహత్తులతో కలిసిపోతాయి. మహత్తు అంటే గొప్పది అని అర్థం కాబట్టి ఆ పేరు వింటేనే మీ ఫ్రెండ్‌కి ఒళ్లు మండొచ్చు, మండితే నేను తప్పుపట్టను, పేరు పెట్టినవాళ్లు మగవాళ్లే మరి. కానీ పేరు వేరు, భాష నడిచే తీరు వేరు. బహువచనం చూడండి. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది. అదే నలుగురైతే అమ్మాయిలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ‘అమ్మాయిలు వచ్చాయి’ అంటే రెండో తరగతి పిల్లాడు కూడా నవ్వుతాడు. ఆడమనిషిని వస్తువుగా లెక్కగట్టిన భాషే అయితే ఇద్దరు చేరగానే ఎందుకు మనుషుల్లో కలుపుకుంటుంది?

మీకు దగ్గర్లోనే ఇంకో సంగతి ఉంది. రాయగడ, కోరాపుట్ కొండల్లో మాట్లాడే కువి, అటు మహారాష్ట్ర వైపు గడ్చిరోలిలో గోండి, యవత్‌మాళ్‌లో కొలామీ, ఇవన్నీ తెలుగుకి చుట్టాలైన భాషలే. వాటిలో ఆడవాళ్లు ఎంతమంది చేరినా క్రియ మాత్రం మనుషులు కానివాటి పక్కనే ఉంటుంది, ఆ తీరు బహువచనంలో కూడా మారదు. తమిళంలో, కన్నడంలో అయితే ఆడవాళ్లకి ‘వందాళ్’, ‘బందళు’ అని ఏకవచనంలోనే విడి రూపం ఉంది. మరి కువి మాట్లాడే ఇంట్లో ఆడపిల్లకి గౌరవం తక్కువనీ తమిళుల ఇంట్లో ఎక్కువనీ ఈ క్రియల్ని బట్టి ఎవరైనా తేల్చగలరా? ఒడియాలో ‘సే గాఇలా’ అంటే అతనూ కావొచ్చు, ఆమే కావొచ్చు, నిజమే, గౌరవిస్తే ‘సే గాఇలే’. అక్కడ క్రియ చూసేది మర్యాదని, ఆడా మగా తేడాని కాదు. దాంతో ఒడియా ఇళ్లలో ఆడపిల్లల మీద ఆంక్షలు పోయాయా అన్నది మీ కాలేజీ స్నేహితుల్ని అడిగితే నాకంటే బాగా చెబుతారు.

కాబట్టి ‘ఆమె పాడింది’ తప్పు కాదు, తక్కువ చేసినట్టూ కాదు. మీ ప్రకటనలో తప్పు వేరే చోట ఉంది, దాన్ని మీ మాస్టారు సగమే పట్టుకున్నారు.

మర్యాదని బట్టి మనకి మగవాళ్లకి వాడు, అతను, ఆయన ఉన్నాయి. ఆడవాళ్లకి అది, ఆమె, ఆవిడ. ‘అతను’ ఉన్న మెట్టు మీదే ‘ఆమె’ ఉంది. అతను పాడాడు, ఆమె పాడింది, రెండూ సమానం, ఇద్దరూ మీ ఈడువాళ్లని రాసినట్టు ఉంటుంది. ఆయన వాయించారు, ఆవిడ పాడారు అంటే ఇద్దరికీ మన్నన ఇచ్చినట్టు. ‘ఆమె’ తమాషా ఏమిటంటే అది రెండు మెట్లకీ సర్దుకుంటుంది, ‘ఆమె పాడింది’ అన్నా ‘ఆమె పాడారు’ అన్నా చెవికి ఇబ్బంది ఉండదు, ‘అతను పాడారు’ అంటే మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. మీరేం చేశారంటే ఆయన్ని పై మెట్టు మీద కూర్చోబెట్టి ఆమెని కింద నిలబెట్టారు. ఇద్దరూ ఒకే స్టేజీ మీద, ఒకే పాటకి పనిచేసినప్పుడు ఇది కుదరదు. గిటార్ అబ్బాయి వయసులో పెద్దవాడా, బయటివాడా, అందుకే ‘వాయించారు’ అని చేయి అలా రాసేసిందా? అయితే ఆమెకీ అదే ఇవ్వండి. లేదా ఇద్దరికీ తీసేసి ‘ఆమె పాడింది, అతను గిటార్ వాయించాడు’ అని రాయండి, మీ వయసు వాళ్ల ప్రకటనకి అదే హుషారుగా ఉంటుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి, ఇళ్లలో ‘మా చెల్లి బాగా పాడతాది, అది చిన్నప్పట్నించీ అంతే’ అని ముద్దుగా అనుకుంటాం, మీ వైపు శ్రీకాకుళం యాసలో అది ఎంతో ఆప్యాయంగా వినిపిస్తుంది, కానీ ఆ ‘అది’ అచ్చులో పడితే ఆప్యాయత పోయి చులకన మిగులుతుంది.

ఇప్పుడు మీ ర్యాప్‌కి పనికొచ్చే మాట చెబుతాను. తెలుగులో ఈ ఆడా మగా తేడా అంతా ఎదుట లేని మనిషి గురించి చెప్పేటప్పుడే. ‘నేను పాడాను’, ‘నువ్వు పాడావు’, ‘మేం పాడాం’, వీటిలో పాడింది ఎవరో క్రియ చెప్పదు. నాందేడ్‌లోనో చంద్రపూర్‌లోనో తెలుగు ఇంట్లో పుట్టి మరాఠీలో చదువుకునే అమ్మాయిని అడగండి. అక్కడ అమ్మాయి ‘మీ గాతే’ అనాలి, అబ్బాయి ‘మీ గాతో’ అనాలి. హిందీలోనూ అంతే, ‘గాతీ హూఁ’, ‘గాతా హూఁ’. నోరు తెరిచిన మొదటి వాక్యంలోనే నేను ఆడదాన్ని, నేను మగవాణ్ని అని చెప్పుకోక తప్పదు. ర్యాప్ అంటేనే ‘నేను’ పాట: నేను వచ్చాను, మైకు పట్టాను, మీరు ఆపలేరు, ఇదే కదా దాని వరస. తెలుగులో ఈ వాక్యాలు ఎవరి గొంతులో పడితే వాళ్లవి అయిపోతాయి, అబ్బాయి రాసింది అమ్మాయి ఒక్క అక్షరం మార్చకుండా పాడుకోవచ్చు. ఇంత వెసులుబాటు ఉన్న భాష చేతిలో పెట్టుకుని ‘పాడింది’ దగ్గర ఆగిపోవడం ఎందుకు?

అయితే ‘నేను’ పక్కన నామవాచకం వచ్చిందా, తేడా మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అబ్బాయిల పాటలు విని విని అమ్మాయిలు కూడా ‘నేనే మొనగాణ్ని’ అని రాసేస్తున్నారు. రాయొచ్చు, వేషం కట్టినట్టు ఉంటుంది. కానీ దానికి ‘మొనగత్తె’ అనే ఆడరూపం ఉంది, ‘మొనగత్తెను నేను’ అని తాళానికి వేసి చూడండి, ఆ ద్విత్వం దగ్గర దెబ్బ బాగా పడుతుంది. అందగాడు, అందగత్తె లాంటిదే ఇదీ. ‘ఆటకత్తె’ మాత్రం వద్దు. వ్యాకరణం అదే అయినా నాట్యం వృత్తిగా బతికిన ఆడవాళ్లని చిన్నచూపు చూసిన రోజుల మరక దానికి ఇంకా అంటుకునే ఉంది.

ఇక గాయిక. సంస్కృతం ప్రకారం తప్పు కాదు, గాయక శబ్దానికి స్త్రీలింగం గాయికే, ఒడియా వాళ్లు దాన్నే వాడుకుంటారు, మీ చేతికి అది రావడం సహజం. తెలుగులో వాడుక ‘గాయని’ మీద నిలబడింది. విజయనగరంలో పుట్టిన పి. సుశీలని తెలుగువాళ్లు నేపథ్య గాయని అనే అంటారు. కాబట్టి తెలుగులో రాసేటప్పుడు గాయని. శాస్త్రీయ సంగీతం అయితే విదుషి, విద్వాంసురాలు రెండూ ఉన్నాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1968లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి ‘సంగీత కళానిధి’ అందుకున్న మొదటి మహిళ. ఆ బిరుదు అంతకుముందు మగవాళ్లకే ఇస్తూ వచ్చినా ఆవిడ కోసం ఒక్క అక్షరం మార్చాల్సిన పని రాలేదు, నిధికి ఆడా మగా ఏముంది.

ర్యాపర్‌కి స్త్రీలింగం అడిగారు. అక్కర్లేదు. ‘ర్యాపరిణి’ అని ఎవరైనా తయారుచేసి ఇస్తే నవ్వేసి ఊరుకోండి. సింగర్, ర్యాపర్, డ్రమ్మర్, డీజే, ఇవి ఏ లింగమూ లేకుండా వచ్చాయి, అలాగే ఉండనివ్వండి. ‘లేడీ సింగర్’, ‘మహిళా ర్యాపర్’ అనేవి విషయం ఆడవాళ్ల గురించే అయినప్పుడు తప్ప వాడకండి, ‘మగ ర్యాపర్’ అని ఎవరూ రాయరు కదా. ఇది ఇంగ్లీషు మాటల గొప్పేమీ కాదు, మన దగ్గరా ఉన్నాయి: నేర్పరి, గడసరి, మాటకారి. వీటిని ఎవరికైనా వాడొచ్చు. సొగసరి కూడా ఆ కోవదే, ఎందుకో జనం దాన్ని ఆడవాళ్లకే కేటాయించేశారు.

సొగసు మాట వచ్చింది కాబట్టి మీ డెనిమ్ జాకెట్ సంగతి. ప్రకటనలో ‘స్టైల్‌గా’ అని రాసుకున్నారేమో, ఉంచేయండి, అందరికీ అర్థమయ్యే మాటే. ఇక్కడ వ్యాకరణం కంటే జనం బుద్ధి ఎక్కువ కనిపిస్తుంది. బాగా తయారైన మగవాణ్ని ‘సోగ్గాడు’ అంటే మెచ్చుకోలు. బాగా తయారైన అమ్మాయిని ‘సోకులాడి’ అంటే దెప్పిపొడుపు. సొగసు ఒకటే, సోకు ఒకటే, అద్దం ముందు గడిపిన టైమూ ఇంచుమించు ఒకటే. సోకులాడి అనే మాటని మీరే తీసుకుని పాటలో గర్వంగా వాడేస్తే దాని పదును పోతుంది, అలా తిరగబడిన తిట్లు భాషలో చాలా ఉన్నాయి. ధైర్యం మీది.

‘సశక్తీకరణ’ ఒడియాలో, హిందీలో బోర్డుల మీద రోజూ కనిపించే మాట, తెలుగులో దాని చోటు సాధికారతది. స, అధికార కలిసి సాధికార, దానికి త చేరి సాధికారత. కొందరు ‘సాధికారికత’ అని పొడిగిస్తారు, ఆ పొడిగింపు అనవసరం. నా సలహా అడిగితే ఈ రెండు మాటలూ మీ ప్రకటనకి వద్దు. సాధికారత సర్కారు కాగితాల మీద తిరిగి తిరిగి అరిగిపోయింది, పైగా దాని పక్కన ఎప్పుడూ ‘కల్పించడం’ అనే క్రియ ఉంటుంది, ఎవరో పైనుంచి ఇస్తే వీళ్లు పుచ్చుకున్నట్టు. మీరు చేస్తున్నది అది కాదు. ‘మా పాటలు మేమే రాస్తాం, మా బట్టలు మేమే ఎంచుకుంటాం, టికెట్ డబ్బులు మేమే లెక్కచూసుకుంటాం’ అని రాయండి. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది గానీ, అంతకుముందు ఆ ఊళ్లో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి తెలుగు బళ్లలో నోటి భాష రావాలని పోరాడారు, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం కూడా రాశారు. మీ ఊరికి అంత దగ్గర్లో అంత పని జరిగాక కూడా మనం ప్రకటనల్లో నోటితో అనని మాటలు వెతుక్కుంటున్నాం.

మీరు అడగనిది ఒకటి. మీ ప్రకటన చివర ‘యువత, మహిళలు తప్పక రావాలి’ అని ఉంది. యువత అంటే ఆడా మగా కలిసిన గుంపు, అందుకే ‘యువత వచ్చింది’ అని ఏకవచనం. దాని పక్కన మహిళలు అని విడిగా పెట్టేసరికి యువత అంటే కుర్రాళ్లే, మహిళలు అంటే పెళ్లయిన పెద్దవాళ్లే అన్నట్టు తయారైంది, మధ్యలో మీరు ఎక్కడికి పోయారు? ఊరేగింపుల ఫ్లెక్సీలన్నిటి మీదా ఇదే వరస, మీరూ అలవాటుగా రాసేశారు. యువతీయువకులు అనండి, లేకపోతే అందరూ రావాలి అంటే సరిపోతుంది.

చివరిది ‘ఏంట్రా’. పిలుపులో ‘రా’ మగవాళ్లది, ‘ఏ’ ఆడవాళ్లది: ఏంట్రా, ఏంటే. పుస్తకం చెప్పేది ఇంతే. వాడుక ఎప్పుడో దాటిపోయింది, కూతుర్ని ‘ఏరా నాన్నా, తిన్నావా’ అనే అమ్మలు ప్రతి వీధిలో ఉన్నారు, వాళ్లని ఎవరూ తప్పుపట్టలేదు. మీ ఈడు అమ్మాయిలు ఒకరినొకరు ‘రా’ అనుకోవడం దాని కొనసాగింపే, ‘ఏంటే’లో కొన్నిసార్లు వినిపించే విసురు ‘ఏంట్రా’లో ఉండదని చాలామంది చెబుతారు. మీ మేనత్తకి వినిపించేది వేరు. ఆవిడ కాలంలో ‘రా’ అనేది మగవాళ్లు మగవాళ్లతో, లేదా కింద పనిచేసేవాళ్లతో వాడే మాట, ఆడపిల్ల నోట రావడం ఆవిడకి కొత్త. ఆవిడ ముందు పేర్లు పెట్టి పిలుచుకోండి, స్టేజీ మీద మీ ఇష్టం. అయితే పాటలో ‘రా’ అందరూ వాడుతున్నదే, మీ ఉత్తరాంధ్ర వైపు ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకునే ‘ఒలే’ ఉండగా దాన్ని ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. ‘ఒలే, ఇటు చూడు’ అని మొదలుపెడితే మీ మేనత్త కూడా తలెత్తి చూస్తుంది, కోప్పడటానికి ఆవిడకి వ్యాకరణం దొరకదు.